బొమ్మల చదువు, నృత్యం చదువు – పెద్దలు అడగవలసిన ప్రశ్నలు

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా కోడుమూరులో జరిగిన సభలో ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారు చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మామూలుగా కరువు భత్యం గురించి, పే రివిజన్ గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. అయితే కార్యదర్శి గారు ఈసారి నన్ను పిలిచి, "మాస్టారూ, పిల్లల చదువుల గురించి మీరు నాలుగు ముక్కలు చెప్పండి, అందులోనూ ఈ కొత్త చదువుల గురించి చెప్పండి" అన్నారు. కొత్త చదువులంటే ఆయన ఉద్దేశం రెండు. ఒకటి, కంప్యూటరు మీద బొమ్మలు గీసే చదువు. దాన్నే యానిమేషన్ అని, గ్రాఫిక్ డిజైన్ అని, డిజిటల్ మీడియా అని రకరకాల పేర్లతో పిలుస్తున్నారు. రెండోది, కాలేజీలో చేరి నృత్యం నేర్చుకునే చదువు. నేను 31 సంవత్సరాలు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు పాసై, టి.టి.సి. చేసి ఉద్యోగంలో చేరినవాణ్ణి. బొమ్మల చదువు విలువ ఏమిటో, దాన్ని ఇళ్లల్లో ఎంత చులకనగా చూస్తారో రెండూ ఎరిగినవాణ్ణి కనుక ఒప్పుకున్నాను.

ఈ దినం మనకు ఎందుకు పండుగో మీకందరికీ తెలుసు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. పింఛను ప్రభువులు దయతలచి ఇచ్చే బహుమానం కాదని, చేసిన సేవకు ప్రతిగా రావలసిన హక్కు అని ఆ తీర్పు తేల్చింది. అంటే మన చేతికి వచ్చే ప్రతి రూపాయీ మనం ముప్పై ఏళ్లు చాకిరి చేసి సంపాదించుకున్నదే. మరి ఆ రూపాయి ఇప్పుడు ఎక్కడికి పోతోంది? మందులకు కొంత పోతోంది. మిగిలింది చాలా ఇళ్లల్లో మనవళ్ల, మనవరాళ్ల ఫీజులకు పోతోంది. కొడుకు ప్రైవేటు ఉద్యోగంలో ఉంటాడు, కోడలు అంగన్వాడీలో పనిచేస్తుంది, కాలేజీ ఫీజు దగ్గరికి వచ్చేసరికి తాత గ్రాట్యుటీ గుర్తుకు వస్తుంది. అందుకే ఈ విషయం పింఛనుదారుల సభలో మాట్లాడదగిన విషయమే అని నా అభిప్రాయం.

ఇప్పుడు ఇళ్లల్లో జరుగుతున్నదేమిటంటే, ఇంటరు పాసైన పిల్లవాడు "నేను యానిమేషన్ చదువుతా" అంటాడు. లేకపోతే పాప "నేను కూచిపూడి చదువుతా" అంటుంది. వెంటనే ఇంట్లో రెండు రకాల మాటలు పుడతాయి. కొందరు "అదేం చదువు? దాంతో అన్నం పుడుతుందా?" అని ఆ మాట అక్కడే తుంచేస్తారు. మరికొందరు కర్నూలులో పెద్ద ఫ్లెక్సీ బోర్డు చూసి, "నూటికి నూరు శాతం ఉద్యోగం" అని రాసిన మాట నమ్మి, చెక్కు రాసి ఇచ్చేస్తారు. విచారించకుండా కాదనడం ఎంత పొరపాటో, విచారించకుండా కట్టెయ్యడం కూడా అంతే పొరపాటు. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. విచారించి, లెక్క చూసి, ఆ తర్వాత ఔననో కాదనో చెప్పడం. మనలో ఎక్కువమంది ఫైళ్లు చూసినవాళ్లం. ఒక ఫైలు మీద సంతకం పెట్టేముందు ఎన్ని కాగితాలు అడిగేవాళ్లం! పిల్లల చదువు విషయంలో మాత్రం ఒక్క కాగితమూ అడగకుండా సంతకం పెడుతున్నాం.

ఇవి మనకు కొత్తవి కావు

ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ చదువుల పేర్లు కొత్తవి గానీ, ఆ పనులు మన ప్రాంతానికి కొత్తవి కావు.

మన కోడుమూరు మగ్గాల సంగతే తీసుకోండి. ఇక్కడ మగ్గాల మీద గద్వాల చీరలు నేస్తారు. నూలు వంటికి పట్టు అంచూ, పట్టు కొంగూ కలిపే చీర అది. ఆ అంచు మీద హంస రావాలన్నా, కమ్మి రావాలన్నా ముందు ఒకాయన గళ్ల కాగితం మీద గడి గడికీ రంగు నింపి డిజైను గీస్తాడు. ఆ గడులను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఆ జకార్డు పద్ధతిని 1804లో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన తయారుచేశాడు. తర్వాత ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజి లెక్కల యంత్రం గురించి ఆలోచించినప్పుడు, ఈ మగ్గం అట్టల పద్ధతినే అందులో వాడదలచాడు. కంప్యూటరు తెర మీద బొమ్మ కూడా అంతే. చిన్న చిన్న గడులు, ఒక్కో గడికి ఒక్కో రంగు. కనుక మన ఊరి డిజైను కాగితానికీ, ఈనాటి డిజిటల్ డిజైనుకూ ఉన్న చుట్టరికం దగ్గరిదే.

అట్లాగే తోలుబొమ్మలు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది. అక్కడి తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మను ఒక్క ముక్కగా చెయ్యరు. తల వేరు, భుజం వేరు, మోచేయి వేరు, కాలు వేరు. కీళ్ల దగ్గర దారంతో కడతారు. వెనక దీపం పెట్టి, తెర మీద ఆడిస్తారు. కంప్యూటరులో కదిలే బొమ్మకు కూడా ముందు ఇట్లాగే కీళ్లు కట్టి, ఆ తర్వాతే కదిలిస్తారు. ఆ చదువులో దానికొక ప్రత్యేకమైన పాఠమే ఉంది.

నృత్యమంటారా, జాతర్లలో గొరవయ్యలను చూడనివాళ్లు మన జిల్లాలో ఉండరు. భుజాన నల్ల గొంగడి, తల మీద ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, చేతిలో డమరుకం. చెక్కభజన, కోలాటం సంగతి చెప్పనే అక్కరలేదు. ఒక చెక్కభజన గురువు ఊరికి వచ్చి, నెలల తరబడి ఉండి, పడుచువాళ్లకు అడుగులు నేర్పి, చివరిరోజు గజ్జె పూజ చేయించి పోయేవాడు. అది కూడా ఒక కోర్సే. కాలేజీ పేరు లేదు, అంతే.

బొమ్మల చదువులో ఏముంటుంది

యానిమేషన్ అనగానే కంప్యూటరు ముందు కూర్చుని ఆడుకోవడం అనుకుంటారు. అది నిజం కాదు. మంచి కళాశాలలో ఈ చదువు నాలుగేళ్లు. దాన్ని బి.ఎఫ్.ఏ. అంటారు, అంటే లలితకళల డిగ్రీ. మొదటి సంవత్సరం ఎక్కువభాగం పెన్సిలు, కాగితమే. మనిషి శరీర నిర్మాణం, వెలుగునీడలు, దూరం దగ్గరల లెక్క, రంగుల కలయిక, కళల చరిత్ర నేర్పుతారు. తర్వాత కథను వరుస బొమ్మలుగా విడగొట్టడం, బొమ్మకు కదలిక ఇవ్వడం, కంప్యూటరులో మూడు కొలతల బొమ్మ తయారుచెయ్యడం, వెలుగు పెట్టడం, అన్నీ కలిపి కూర్చడం వస్తాయి.

సినిమా ఫిల్ములో సెకనుకు 24 బొమ్మలు నడుస్తాయి. అంటే ఒక నిమిషానికి 1440 బొమ్మలు. ఒక్కో గీతను రెండు బొమ్మల సేపు నిలిపినా, చేత్తో గీసేవాడు నిమిషానికి 720 బొమ్మలు గియ్యాలి. ఈ లెక్క చెప్తే ఇది సోమరివాళ్ల చదువు అని ఎవరూ అనరు.

ఈ చదువుతో బతుకుతెరువు ఉందా అంటే, ఉంది. మీ ఇళ్లల్లో పిల్లలు అన్నం తినడానికి చూసే ఛోటా భీమ్ హైదరాబాదులో పుట్టిన బొమ్మే. 2008 నుంచి టీవీలో వస్తోంది. 2015లో వచ్చిన బాహుబలి సినిమాలో జలపాతాలు, కోటలు చాలామటుకు కంప్యూటరు మీద తయారైనవే. అందులో పెద్ద భాగం హైదరాబాదులోని మకుట సంస్థ చేసింది. ఆ సినిమాకు ప్రత్యేక దృశ్యాల విభాగంలో శ్రీనివాసమోహన్ గారికి జాతీయ అవార్డు వచ్చింది. 2022 కేంద్ర బడ్జెట్టులో ఈ రంగాన్ని ప్రోత్సహించడానికి ఒక కార్యదళాన్ని వేస్తామని ప్రకటించారు. సినిమాలే కాదు, పుస్తకాల అట్టలు, మందుల పెట్టెలు, బ్యాంకుల వాళ్ల సెల్‌ఫోను పేజీలు, బడిపిల్లల పాఠాల వీడియోలు, అన్నింటికీ బొమ్మ గీసే మనిషి కావాలి.

ఎక్కడ చదవాలి? మన పక్కనే కడపలో 2020లో ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయాన్ని చట్టం చేసి స్థాపించారు. పెయింటింగు, శిల్పం, యానిమేషన్, ఫోటోగ్రఫీ వంటి శాఖల్లో బి.ఎఫ్.ఏ. అక్కడ పెట్టారు. ప్రవేశానికి ఏడీసెట్ అనే పరీక్ష పెడుతూ వచ్చారు. రాయలసీమ పిల్లలు హైదరాబాదు, మద్రాసు పోనక్కర లేకుండా వచ్చిన చదువు అది. హైదరాబాదులో నిజాం కాలంలో 1940లో మొదలైన పాత లలితకళల కళాశాల ఉంది. అది 1972లో జె.ఎన్.టి.యు.లో కలిసి, 2008 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఇక మన రాష్ట్రానికే 2015లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. 2019లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. అక్కడ సీటు కష్టం. రెండు దశల పరీక్ష ఉంటుంది. కష్టమైనా రాసి చూడటంలో నష్టం లేదు.

ఇక్కడొక హెచ్చరిక. కర్నూలు జగన్నాథగట్టు మీద 2015లో వచ్చిన ట్రిపుల్ ఐటీ పేరులో "డిజైన్" అనే మాట ఉంది. అది చూసి బొమ్మల చదువు అనుకోవద్దు. అది ఇంజనీరింగు విద్యాసంస్థ. జె.ఇ.ఇ. రాసి చేరాలి. మంచి సంస్థే, కానీ చదువు వేరు. పేరు చూసి కాక, పాఠ్యప్రణాళిక చూసి నిర్ణయించాలని చెప్పడానికి ఇది చాలు.

నృత్యం చదువు

ఇప్పుడు రెండో చదువు. దీని గురించి మన తరం వాళ్లు మనసు విప్పి మాట్లాడరు. ఆడపిల్ల గజ్జె కట్టిందంటే "ఊరేమంటుందో" అని భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. మన ప్రాంతంలో బసివి ఆచారం ఉండేది. ఆడపిల్లను దేవుడి పేర వదిలి, ఆమె బతుకు పాడుచేసేవాళ్లు. 1947లో మద్రాసు ప్రభుత్వం దాని మీద చట్టం చేసింది. అప్పుడు కర్నూలు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరో చట్టం చేసింది. ఆ ఆచారం మీద మనకున్న ఏవగింపు న్యాయమైనదే. కానీ ఆ ఏవగింపును తెచ్చి నృత్యం మీద పెట్టడం న్యాయం కాదు. తప్పు ఆడపిల్లను అమ్ముకున్న ఆచారానిది, అడుగుదీ తాళానిదీ కాదు.

కూచిపూడి సంగతే చూడండి. అది కృష్ణా జిల్లాలోని ఒక పల్లె. తరతరాలుగా అక్కడ మగవాళ్లే ఆడవేషాలు కట్టి ఆడేవారు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు ఆ కట్టు దాటి స్త్రీలకు నేర్పారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలను తయారుచేశారు. ఈనాడు కూచిపూడి అంటే మన కళ్ల ముందుకు వచ్చేది ఎక్కువగా ఆడపిల్లలే. అమెరికాలో కాలిఫోర్నియాలో తెలుగువాళ్లు సిలికానాంధ్ర పేరుతో ఒక విశ్వవిద్యాలయమే పెట్టి, అందులో కూచిపూడికి కోర్సులు నడుపుతున్నారు. అక్కడి పిల్లలు నేర్చుకుంటుంటే మనం ఇక్కడ సిగ్గుపడుతూ కూర్చుంటే ఎట్లా?

ఇక ఆ చదువులో ఏముంటుందంటే, అడవులు, జతులు, తాళం, అభినయం, దానితోపాటు శాస్త్రం. నందికేశ్వరుని అభినయ దర్పణంలో ఒంటి చేత్తో పట్టే ముద్రలే 28 ఉన్నాయి. వాటి పేర్లు, వినియోగాలు నోటికి రావాలి. కొంచెం సంగీతం, కొంచెం సంస్కృతం రావాలి. శరీరానికి నిత్యసాధన. పరీక్షకు కూర్చుని రాయడమూ ఉంటుంది, నిలబడి ఆడటమూ ఉంటుంది.

ఎక్కడ నేర్చుకోవాలి? విజయనగరంలో 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాల మన తెలుగునాట అన్నింటికీ పెద్దక్క. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. ఘంటసాల అక్కడ చదువుకున్నవారే. తిరుపతిలో దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల 1959 నుంచి ఉంది. కర్నూలులోనే ప్రభుత్వ శారదా సంగీత కళాశాల ఉంది. ఇటువంటి ప్రభుత్వ కళాశాలల్లో సాధారణంగా సర్టిఫికెట్టు నాలుగేళ్లు, ఆ తర్వాత డిప్లొమా రెండేళ్లు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం కూచిపూడి గ్రామంలో సిద్ధేంద్రయోగి కళాపీఠాన్ని నడిపింది. డిగ్రీ అయినవాళ్లకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నృత్యంలో రెండేళ్ల పి.జి. ఉంది.

మా ఇంట్లో జరిగినది చెప్తాను. మా మనవరాలు తొమ్మిదో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. ఇంటరు అయ్యాక "డ్యాన్సే చదువుతా తాతా" అంది. మా అబ్బాయి ఒప్పుకోలేదు. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఐదో రోజు మా ఇంటావిడ అంది: "మా అమ్మ ఊరేమంటాదో అని నన్ను కోలాటానికి గూడా పంపలేదు. దాన్నన్నా పోనీండి." ఆ మాటతో కూర్చుని మాట్లాడుకున్నాం. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, ఏదో ఒక డిగ్రీ కర్నూలులో చదవాలి, దాంతోపాటు నృత్యం సర్టిఫికెట్టు పరీక్షలకు కట్టాలి. రెండూ పూర్తయ్యాక పి.జి. నృత్యంలో చేస్తానంటే మేము అడ్డు రాము. ఇప్పుడు రెండో సంవత్సరం. ఆదివారాలు పది మంది చిన్నపిల్లలకు అడుగులు నేర్పి తన బస్సు ఖర్చు తనే చూసుకుంటోంది. రేపు ఏమవుతుందో నేను చెప్పలేను. కానీ ఆ పిల్ల మొహంలో వెలుగు నాకు కనిపిస్తోంది, ఒక డిగ్రీ భద్రతా ఉంది.

రెండూ కలిసే చోటు

ఈ రెండు చదువులూ ఇప్పుడు ఒకచోట కలుస్తున్నాయి. నృత్యం తెలిసిన మనిషికి కీలుకీలుకూ చిన్న గుర్తులు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి ఆడిస్తారు. ఆ కదలికలన్నీ కంప్యూటరులోకి ఎక్కుతాయి. ఆ కదలికను తీసి తెర మీది బొమ్మకు తొడుగుతారు. రజనీకాంత్ నటించిన కొచ్చడయాన్ సినిమాను 2014లో ఇట్లా తీశారు. తెలుగులో విక్రమసింహ పేరుతో వచ్చింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నృత్యం, రంగస్థలం, చిత్రకళ, ప్రసారమాధ్యమాలు అన్నీ సరోజినీ నాయుడు పేరున్న ఒకే విభాగం కింద ఉన్నాయి. అడుగు తెలిసినవాడికి బొమ్మా, బొమ్మ తెలిసినవాడికి అడుగూ ఉపయోగపడతాయి. మన గొరవయ్యల ఆట, చెక్కభజన అడుగులు రేపటికి నిలవాలంటే, అవి తెలిసి, కెమెరా కూడా తెలిసిన మన ఊరి పిల్లలే ఆ పని చెయ్యాలి. పైనుంచి ఎవరో వచ్చి చేస్తారని ఎదురుచూస్తే ఆ ముసలి గురువులు ఉండరు.

డబ్బు, కాగితం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాతో పనిచేసిన ఒక మాస్టారు ఉన్నారు. పేరు చెప్పను, ఆ సంస్థ పేరూ చెప్పను. ఆయన మనవడు బొమ్మలు బాగా గీస్తాడు. నా దగ్గరే పెన్సిలు పట్టాడు. ఒక పెద్ద పట్నంలో యానిమేషన్ నేర్పే ప్రైవేటు సంస్థలో చేరాడు. రెండేళ్లకు మూడు లక్షలు. తాత గ్రాట్యుటీ డిపాజిట్టు గడువుకు ముందే తీసి కట్టారు. చేరేటప్పుడు కౌంటరులో కూర్చున్నాయన "ఇది డిగ్రీతో సమానం సార్" అన్నాడు. నోటితో అన్నాడు గానీ కాగితం మీద ఎక్కడా లేదు. రెండేళ్లు అయ్యాయి, సర్టిఫికెట్టు ఇచ్చారు. ఒక చోట చిన్న ఉద్యోగం వచ్చింది, కొన్నాళ్లకు పోయింది. తర్వాత పిల్లవాడు గ్రూప్-2 రాస్తానని దరఖాస్తు తెరిచాడు. "ఏ సంవత్సరంలో డిగ్రీ పాసయ్యారు?" అని అడిగింది. రాయడానికి ఏమీ లేదు.

ఆ పిల్లవాడికి పని రాలేదని నేను అనడం లేదు. వచ్చింది. ఇప్పుడు కర్నూలులో ఒక ప్రింటింగు షాపులో డిజైన్లు చేస్తూ, దూరవిద్యలో డిగ్రీ కడుతున్నాడు. కానీ మూడు లక్షలూ, రెండేళ్లూ పోయాక మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కుతున్నాడు. అదే విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్.ఏ. చదివి ఉంటే, బొమ్మల ఉద్యోగం దొరికితే దొరికినట్టు, దొరక్కపోతే గ్రూప్-2, బ్యాంకు పరీక్షలు రాసే అర్హత చేతిలో ఉండేది. ఆ పరీక్షలకు కావలసింది గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం డిగ్రీ. అది ఏ సబ్జెక్టులో అన్నది అడ్డు కాదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో ఇళ్లల్లో బొమ్మల చదువు అంటే దారులన్నీ మూసుకుపోతాయని భయపడుతున్నారు.

కమ్యుటేషన్ తీసుకున్నవాళ్లకు తెలుసు. ఒకసారి చేతికి వచ్చిన ఆ మొత్తానికి పదిహేనేళ్లపాటు నెలనెలా పింఛనులో కోత పడుతుంది. అంత వెల పెట్టిన డబ్బు ఖర్చు చేసేటప్పుడు అడగడానికి మొహమాటపడకూడదు. నేను ఆరు ప్రశ్నలు చెప్తాను, రాసుకోండి.

ఒకటి. ఇది డిగ్రీయా, డిప్లొమానా, ఉత్త సర్టిఫికెట్టా? ఎవరి పేరు మీద ఇస్తారు? 1956 నాటి యు.జి.సి. చట్టం ప్రకారం చట్టబద్ధమైన విశ్వవిద్యాలయం గానీ, పార్లమెంటు చట్టం ద్వారా ఆ అధికారం పొందిన సంస్థ గానీ తప్ప ఇంకెవరూ డిగ్రీ ఇవ్వడానికి వీల్లేదు. "సమానం" అంటే ఆ మాట రాసి ఇమ్మనండి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యు.జి.సి. వాళ్లే ప్రకటిస్తుంటారు, చూడండి.

రెండు. మొత్తం ఖర్చు ఎంత? ఫీజు ఒక్కటే కాదు. యానిమేషన్‌కు మంచి కంప్యూటరు కావాలి, హాస్టలు కావాలి. నృత్యానికి ఆహార్యం, నగలు, వాద్యబృందం కావాలి. రంగప్రవేశం పేరుతో పెళ్లంత ఖర్చు పెట్టేవాళ్లు ఉన్నారు. అది లేకపోయినా కళ వస్తుంది. అర్హులైన పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ కోర్సుకు వర్తిస్తుందో లేదో చేరకముందే అడగండి.

మూడు. చెప్పేవాళ్లు ఎవరు? అక్కడ ఎన్నేళ్ల నుంచి ఉన్నారు? భవనం చూసి కాదు, గురువును చూసి చేర్చండి.

నాలుగు. రెండేళ్ల కిందట అక్కడ చదివిన పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారు? సంస్థవాళ్లు చూపించే ఫోటోలు కాదు. మీ అంతట మీరు ఇద్దరిని వెతికి మాట్లాడండి.

ఐదు. మన పిల్లవాడు ఇంతవరకు ఏం చేశాడు? బొమ్మల నోటుపుస్తకం నిండిందా? పాప ఎవరూ చెప్పకుండానే పొద్దున లేచి సాధన చేస్తోందా? ఇష్టం నోటిలో ఉందా, చేతిలో ఉందా చూడండి. మార్కులు రాలేదు కనుక ఇందులో వేద్దామని మాత్రం వెయ్యకండి. ఇది చదువురానివాళ్ల చదువు కాదు.

ఆరు. ఇది కలిసిరాకపోతే రెండో దారి ఏమిటి? పి.జి.నా, టీచరు శిక్షణా, పోటీ పరీక్షలా? చేరే రోజే దాని మీద ఒక ఆలోచన ఉండాలి.

సహాయాలు కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శాఖ కింద సి.సి.ఆర్.టి. అనే సంస్థ ఉంది. 10 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలకు నృత్యం, సంగీతం వంటి కళల్లో ప్రతిభా పరీక్ష పెట్టి స్కాలర్‌షిప్పు ఇస్తుంది. 18 నుంచి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు రెండేళ్లపాటు స్కాలర్‌షిప్పు పథకం వేరే ఉంది. ఎందరికి తెలుసు? దరఖాస్తు చేసేవాళ్లే తక్కువ.

యంత్రం గురించి ఒక మాట

ఈమధ్య కొందరు "ఇంకేం బొమ్మలు సార్, కంప్యూటరుకు చెప్తే అదే గీస్తోంది" అంటున్నారు. నిజమే. 2022 నుంచి కృత్రిమ మేధతో బొమ్మలు గీసే పద్ధతులు అందరి చేతికీ వచ్చాయి. అందువల్ల కొత్తగా చేరేవాళ్లకు ఇచ్చే చిన్న చిన్న పనుల్లో కొన్ని తగ్గే ప్రమాదం ఉంది. దాన్ని దాచిపెట్టి పిల్లలకు ఆశలు కల్పించకూడదు. అయితే యంత్రం గీసిన చేతికి ఆరు వేళ్లుంటే తప్పు పట్టడానికి చెయ్యి ఎట్లా ఉంటుందో తెలిసినవాడే కావాలి. ఒక మీట నొక్కడం మాత్రమే నేర్పే ఆరు నెలల కోర్సుకు ఇప్పుడు విలువ తగ్గుతుంది. గీత, వెలుగు, కదలిక, కథ నేర్పే నాలుగేళ్ల చదువుకు విలువ నిలుస్తుంది. జకార్డు వచ్చాక కూడా డిజైను గీసేవాడు మిగిలాడు కదా! అందుకే ఆ నాలుగేళ్లలో పెన్సిలు ఎంత పట్టిస్తారో అడగమంటున్నాను.

నృత్యంలో ఈ భయం కొంత తక్కువ. తెర మీద ఎన్ని బొమ్మలు ఆడినా, పిల్లల కాలు సరిదిద్దడానికి ఎదురుగా గురువు నిలబడాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో వందమంది కంటే ఎక్కువ పిల్లలున్న ప్రాథమికోన్నత పాఠశాలలకు కళావిద్య నేర్పే పార్ట్‌టైము బోధకులు ఉండాలని రాశారు. ఆ రాత ప్రతి బడిలో అమలు కావాలని అడగడం కూడా మన సంఘం పనుల్లో ఒకటి కావాలని నా కోరిక.

నా మనవి

చివరిగా సంఘానికి మూడు విన్నపాలు.

ఏటా ఇంటరు ఫలితాలు వచ్చిన నెలలో ఒక ఆదివారం మన సంఘం కార్యాలయంలో ఈ చదువుల ప్రాస్పెక్టసులన్నీ తెప్పించి ఒక బల్ల మీద పెడదాం. చూసి చెప్పడానికి ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు కూర్చుందాం. నేను ఒకణ్ణి, ఇప్పుడే పేరు ఇస్తున్నాను.

రెండోది, డబ్బు కట్టేముందు ఏ సభ్యుడైనా ఆ సంస్థ కాగితాలు తెస్తే, ఆఫీసు పని తెలిసిన మన మిత్రులు ఒకసారి చదివి, గుర్తింపు ఉందో లేదో చూసి చెప్పాలి. ఎన్నో ఆడిటు అభ్యంతరాలు రాసిన చేతులు మనవి. ఇది మనకు పెద్ద పని కాదు.

మూడోది, మన మండలంలో చెక్కభజన, కోలాటం, గొరవయ్యల ఆట తెలిసిన పెద్దల పేర్లు ఒక పుస్తకంలో రాసి పెడదాం. ఈ చదువులు చదివే మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల దగ్గరికి తీసుకుపోదాం. పిల్లలకు పాఠం అవుతుంది, పెద్దలకు గౌరవం అవుతుంది.

ఇంట్లో పిల్లవాడు వచ్చి "తాతా, నేను బొమ్మలు చదువుతా" అన్నప్పుడు, "అవ్వా, నేను నృత్యం చదువుతా" అన్నప్పుడు, వెంటనే ఔననవద్దు, కాదనవద్దు. "సరే, కూర్చో. ఎక్కడ, ఎన్నేళ్లు, ఎవరిస్తారు కాగితం? చెప్పు" అనండి. ఆ ప్రశ్నలకు జవాబులు వెతుక్కొచ్చిన పిల్లవాడికి ఆ చదువు మీద నిజమైన ఇష్టం ఉన్నట్టే. అటువంటి పిల్లల మీద పెట్టిన పింఛను రూపాయి వృథా పోదు.